మనుష్యులు లేని విమానములా?

2024వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన ఢిల్లీలో మన ప్రభుత్వము అమెరికాతో నొక యొడంబడిక చేసికొన్నది. దాని ప్రకారము 31 ఎం.క్యూ.-9బి విమానములు మన సేనలకు రావలెను. అందు నౌకాసేనకు 15, భూసేనకు 8, వాయుసేనకు 8. వ్యయము సుమారు 32 వేల కోట్ల రూపాయలు. ఒడంబడిక జరిగినప్పుడు పత్రికలు తమ పనిని తాము చేసినవి. ఆ విమానము ఎంత యెత్తున నెగురునో, దిగకుండ ఎన్ని గంటలు తిరుగునో, ఎన్ని క్షిపణులను మోయునో వ్రాసినవి. పఠనమందిరములలో కూర్చుండి చదివిన మనమందరమును సంతోషించితిమి. సంతోషింపవలసిన విషయమే. మూడు వైపుల సముద్రము గల దేశమునకు రేయింబవళ్లు తీరమును కనిపెట్టియుండు కన్నులు కావలెననుటలో వివాదము లేదు.

కాని యొక ప్రశ్నను అడిగినవారు మాకు కనబడలేదు. ఈ విమానములను నడపువారెవరు? వారెందరు? వారినెట్లు ఎన్నుకొందురు, ఎన్నినాళ్లు నేర్పుదురు, దినమునకెన్ని గంటలు కూర్చుండబెట్టుదురు? వారు పొరబడినచో సమాధానము చెప్పువారెవరు? 'మానవరహిత విమానము' అను పేరు ఈ ప్రశ్నలను పుట్టకుండ చేయుచున్నది. మనుష్యుడే లేనిచోట వాని శిక్షణ యేమి, వాని విశ్రాంతి యేమి, వాని గౌరవమేమి? పేరు వినినంతనే మనస్సునకు నిశ్చింత కలుగును. ఆ పేరు అబద్ధమని మేము చెప్పుచున్నాము. ఆ యబద్ధమును నమ్మి అమెరికా చిరకాలము కష్టపడినది. యంత్రములతోపాటు ఆ యబద్ధమును గూడ మనము దిగుమతి చేసికొనరాదు.

ఆ దేశమున ఈ విద్య పెరిగిన తీరును పాఠకులు కొంచెము ఓపికతో చూడవలెను. 1995లో బాల్కను దేశముల యుద్ధమున ప్రిడేటరు అను విమానమును వారు మొదట ప్రయోగించిరి. అప్పుడది చూచుటకే పనికివచ్చెడిది. కొట్టుటకు దానికి ఆయుధము లేదు. 2001 ఫిబ్రవరిలో దాని రెక్కకు క్షిపణిని తగిలించి నెవాడా ఎడారిలో పరీక్షించిరి. ఆ యేడే అక్టోబరు 7వ తేదీన, ఆఫ్ఘనిస్థాను యుద్ధము ఆరంభమైన మొదటిరాత్రియే, ఆయుధము దాల్చిన ప్రిడేటరు రంగమున దిగినది. కంటికి చేయి మొలచినది. ప్రిడేటరు 2018లో సేవనుండి తప్పుకొన్నది. దానికన్న పెద్దదియైన రీపరు నిలిచినది. మనము కొన్నది ఆ రీపరు వంశములోనిదే.

ఇక దానిని నడపు తీరు. నెవాడా రాష్ట్రమున, లాస్ వేగాస్ నగరమునకు వాయవ్యముగా, క్రీచ్ అను వాయుసేనా స్థావరము కలదు. అచ్చట కిటికీలు లేని చల్లని గదిలో ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఒకడు చోదకుడు, అతడు అధికారి. రెండవవాడు కెమేరాను త్రిప్పువాడు, హోదాలో తక్కువవాడు. క్షిపణిని విడుచువాడు చోదకుడు. అది తాకువరకు లేసరు కిరణమును లక్ష్యముమీద చెదరకుండ నిలుపువాడు కెమేరా సైనికుడు. సమాచారమును సేకరించి వీరికందించుటకు మూడవవాడొకడుండును. విమానము మాత్రము వేలమైళ్ల కావల, యుద్ధభూమికి సమీపమున లేచును. దానిని లేవనెత్తుటకు అచ్చట మరియొక సిబ్బంది కలదు. అది పైకి చేరిన పిదప నెవాడావారికప్పగింతురు. దిగునప్పుడు మరల దగ్గరివారే పుచ్చుకొందురు. ఏలయన ఉపగ్రహము ద్వారా ఆజ్ఞ పోయి చిత్రము తిరిగి వచ్చుటకు ఒక సెకనుకు పైగా ఆలస్యమగును. నడి యాకాశమున ఆ యాలస్యమును సహింపవచ్చును గాని, చక్రము నేలను తాకు వేళ సహింపరాదు. వీరు గాక యంత్రమును బాగుచేయువారు, క్షిపణులను బిగించువారు, ఉపగ్రహ సంబంధమును కాపాడువారు, చిత్రములను పరీక్షించువారు వేరుగా నున్నారు. ఇంతమంది వెనుకనుండగా దీనిని మానవరహితమనుట, వడ్లు దంచినవారిని, కట్టెలు మోసినవారిని, పొయ్యి ముందర చెమటోడ్చినవారిని చూడక, అన్నము విస్తరిలో తానే పుట్టినదనుట వంటిది.

ఆ విద్యయు ఒకటి రెండు వారములలో వచ్చునది కాదు. తొలుత అమెరికా వాయుసేన ఇతర విమానములు నడపు చోదకులనే కొంతకాలమునకని తెచ్చి ఈ కుర్చీలలో కూర్చుండబెట్టినది. ఆకాశమున నెగురవలసినవారికి ఆ గది చెరసాలవలె తోచినదనుటలో వింత లేదు. పిదప ఈ పనికే ప్రత్యేకముగా నొక శాఖ నేర్పరచిరి. అందు చేరిన యధికారి మొదట కొలరాడోలోని పుయెబ్లోలో చిన్న విమానము నెక్కి నిజముగా నెగురుట నేర్చును. గాలి యనగానేమో శరీరమునకు తెలిసిననే గదా, శరీరము లేనిచోట దానిని ఊహింపవచ్చును! తరువాత టెక్సాసులోని రాండాల్ఫు స్థావరమున అనుకరణ యంత్రములపై, కంటికేమియు కానరాని మేఘములలో పరికరములను మాత్రమే నమ్మి నడపుట నేర్చును. కెమేరా సైనికుడును తన పాఠములను రాండాల్ఫులోనే చదువును. చివరకు న్యూమెక్సికోలోని హాలొమనులో రీపరుమీద సాధనచేసి, జంటగా పనిచేయుట నేర్తురు. దీనిని చూచిన పిమ్మట గూడ 'మీట త్రిప్పుటయేగదా' అనువారితో మాకు వాదము లేదు. వారు హార్మోనియము కూడ మెట్లు నొక్కుటయే యనగలరు.

ఇన్ని యేర్పాట్లు చేసికొన్న సంపన్నదేశమే మనుష్యుల లెక్కలో తప్పినది. ఒకచోట ఎడతెగని గస్తీకి నాలుగు విమానములు కావలెనని వారి లెక్క. అట్టి గస్తీ యొక్కటికి పదిమంది చోదకులుండవలెనని 2008లో వారి వాయుసేనయే నిర్ణయించుకొన్నది. ఆ నిర్ణయము నెరవేరలేదని 2014లో ఆ దేశపు ప్రభుత్వ తనిఖీ సంస్థ నివేదించినది. పాలకులు మాత్రము గస్తీలను 65కు పెంచవలెనని పట్టుబట్టిరి. 2015 జనవరిలో వాయుసేనా కార్యదర్శిని డెబొరా లీ జేమ్సు బహిరంగముగా నొప్పుకొన్న మాటలు వినుడు: సంవత్సరమునకు 300 మంది కొత్తవారికి శిక్షణ నీయవలసియుండగా 180 మందికే యిచ్చుచున్నారు, ఏటేట 240 మంది తరుగుచున్నారు. సాధారణ యుద్ధవిమాన చోదకుడు ఏడాదికి 200 నుండి 300 గంటలు ఎగురుచుండగా, వీరు 900 నుండి 1,100 గంటలు నడపుచున్నారు. వరుసగా ఆరు దినములు, దినమునకు 13, 14 గంటలు పని. అలసినవారు విడిచిపోవుదురు, వారు పోయినకొలది మిగిలినవారిపై భారము హెచ్చును, అందుచే వారును పోవుదురు. కొత్తవారికి నేర్పుటకు శిక్షకులే చాలకపోయిరి. విత్తనపు వడ్లను వండుకొని తినిన రైతునకు మరుసటి యేడు కలుగు గతి యిదే. తుదకు గస్తీలను 60కి దించిరి, భత్యములు పెంచిరి, కొలువులో నిలిచిన చోదకునకు ఏటికి 35 వేల డాలర్ల ప్రోత్సాహకము ప్రకటించిరి. యంత్రమును ముందు కొని మనుష్యుని తరువాత వెదకినందుకు చెల్లించిన జరిమానా యిది.

పని భారమిట్లుండగా, గౌరవము మాట యేమి? 2013 ఫిబ్రవరిలో రక్షణ కార్యదర్శి లియాన్ పనేటా దూరమునుండి యుద్ధము చేయువారికొరకు నొక కొత్త పతకమును ప్రకటించెను. దేశమంతట నపహాస్యము చెలరేగినది. వీడియో ఆటలాడువారికి బిరుదు లిచ్చుచున్నారని ఎగతాళి చేసిరి. ఆ పతకమును రణరంగమున ధైర్యము చూపినవారికిచ్చు కంచు నక్షత్రముకన్న పై మెట్టున నుంచుటచే మాజీ సైనికుల సంఘములు మండిపడినవి. సుమారు రెండు నెలలకే, ఏప్రిలులో, కొత్త కార్యదర్శి చక్ హేగెల్ దానిని రద్దుచేసెను. 2016లో మాత్రము, ఇతర పతకములపై ధరింపదగిన యొక చిన్న యక్షరపు గుర్తును మంజూరు చేసిరి. ఇంగ్లండులో 2018లో, సిరియా ఇరాకుల యుద్ధమునకు సంబంధించిన పతకమును ఆ దేశములలో కాలుమోపని డ్రోను సిబ్బందికి గూడ ఇత్తుమని ప్రకటించిరి.

మేము పక్షపాతము లేక చెప్పుదుము. గుండుకు ఎదురు నిలిచినవాని పతకముకన్న ఈ పతకమును పైన నుంచుట తప్పే. ప్రాణమునకు తెగించుటకు సమానమైనది మరియొకటి లేదు. ఆ మేరకు మాజీ సైనికుల కోపము న్యాయమైనది. కాని ఆ న్యాయమైన కోపము చాటున నొక యన్యాయమైన పరిహాసము దూరినది. 'కుర్చీ వీరుడు' అని నవ్విన నోరు, ఆ కుర్చీలో కూర్చున్నవాడు దినమంతయు నేమి చూచుచున్నాడో తెలిసికొన్నచో మూతపడును.

కురుక్షేత్రమును సంజయుడు దివ్యదృష్టితో చూచి ధృతరాష్ట్రునకు చెప్పినాడని మనమెరుగుదుము. ఎవరు పడిరో, ఎట్లు పడిరో ఒక్కటియు విడువక చూచుట ఆ సూతునకు ప్రాప్తించిన భాగ్యమో శాపమో పెద్దలే చెప్పవలెను. అయినను సంజయునకు చూచుపనియే కాని బాణము విడుచుపని లేదు. ఈ గదిలో సంజయుడును గాండీవధారియు ఒక్కరే. బాంబు వేసిన చోదకుడు నిమిషములో దాటిపోవును. క్రిందనేమి జరిగినదో వాడు చూడడు. ఈ సిబ్బంది ఒక యింటిని దినముల తరబడి కనిపెట్టుదురు. ఆ యింటివాడు ఎప్పుడు లేచునో, ఏ బావికి పోవునో, ఎవరి బిడ్డ వాని వెంట పరుగెత్తునో అంతయు వారికి తెలియును. పిమ్మట ఆజ్ఞ వచ్చును. క్షిపణి పడిన తరువాత గూడ కన్ను త్రిప్పుకొనరాదు. ఎవరు చచ్చిరో, ఎవరు కదలుచున్నారో లెక్కగట్టి చెప్పుటయు వారి విధియే. ఆ విధి తీరినంతనే కారెక్కి యింటికి పోవుదురు. దారిలో కూరగాయలు కొందురు. భార్య 'ఈనాడేమి చేసితిరి?' అని యడిగినచో చెప్పుటకు వీలులేదు, రహస్యము. పూర్వము యుద్ధమునుండి మరలువానికి ఓడమీద కొన్ని వారములు, తోటివారితో మాటలు, క్రమముగా చల్లారుటకు కాలము దొరకెడిది. వీరికి యుద్ధమునకు, భోజనపు పీటకు నడుమ నున్నది గంటసేపటి రహదారి.

దీనివలన వారందరు మతిచలించినవారగుదురని కొందరు వ్రాయుచున్నారు. అదియు అతిశయోక్తియే. 2003 నుండి 2011 వరకు 709 మంది డ్రోను చోదకులను, 5,256 మంది సాధారణ విమాన చోదకులను పోల్చి అమెరికా సైన్యపు పరిశోధకులు 2013లో ప్రకటించిన ఫలిత మేమనగా, వయస్సు మొదలగు భేదములను సవరించి చూడగా, మానసిక బాధల విషయమున ఉభయులకు చెప్పుకోదగిన తేడా లేదు. వీరికి ఎక్కువ బాధ యని మేమనము. సమానమనియే అనుచున్నాము. మా వాదమునకు సమానమే చాలును. ఆకాశమున ప్రాణము నొడ్డి తిరుగువానికెంత భారమున్నదో, అపాయము లేని కుర్చీలో కూర్చున్నవానికిని మనస్సునం దంతటి భారమే యున్నప్పుడు, వానిని ఆటగాడనుటకు మనకు నోరెట్లు వచ్చును?

ఇక రెండవ పక్షమువారు వేరొక మాట యనుచున్నారు. ఈ సిబ్బంది సైనికులే కారు, చాటునుండి చంపు హంతకులని. వారు చూపు సాక్ష్యము నిజమైనది. దానిని దాచుట మా యుద్దేశము కాదు. 2010 ఫిబ్రవరి 21వ తేదీన ఆఫ్ఘనిస్థానులోని ఉరుజ్గాను మండలమున మూడు వాహనములలో ప్రయాణికులు పోవుచుండిరి. క్రీచ్ స్థావరమునుండి నొక ప్రిడేటరు సిబ్బంది తెల్లవారకమునుపే వారిని కనిపెట్టి, గంటల తరబడి వెంటాడి, వారు శత్రువులనియే నమ్మి నేలమీది సైనికులకు చెప్పుచు వచ్చిరి. చిత్రములను పరీక్షించువారు దూరమున ఫ్లోరిడాలో నుండి పిల్లలున్నట్లు తోచుచున్నదని తెలిపిరి. ఆ సందేహము గదినుండి గదికి పోవుచు పలుచనైపోయినది. హెలికాప్టర్లు వచ్చి క్షిపణులు విడిచినవి. ఆఫ్ఘను పెద్దల లెక్కప్రకారము 23 మంది నిరపరాధులు మరణించిరి. విచారణ జరిపిన సేనాని, ప్రిడేటరు సిబ్బంది పంపిన వార్తలు సరికానివనియు, వృత్తిధర్మమునకు తగనివనియు వ్రాసెను. మరల 2021 ఆగస్టు 29వ తేదీన, అమెరికా సేనలు వెడలిపోవుచుండగా, కాబూలు నగరమున నొక తెల్లని కారును ఎనిమిది గంటలు వెంబడించి కొట్టిరి. చచ్చినవారు పదిమంది, అందు ఏడుగురు పిల్లలు. మొదట అది న్యాయమైన దెబ్బయే యని చెప్పి, సెప్టెంబరు 17వ తేదీన తప్పని యొప్పుకొనిరి. ఆ యేడు డిసెంబరులో, ఎవ్వరికిని శిక్ష లేదని తేల్చిరి.

ఎనిమిది గంటలు చూచినను పొరబడిరే యని పాఠకులాశ్చర్యపడవచ్చును. చూపు ఎంత నిడివియైనదైనను, ముందే నిశ్చయించుకొన్న మనస్సు దానిని వంచుకొనును. నీళ్లడబ్బాలు మందుగుండు డబ్బాలుగా కనబడును. అలసిన కంటికి మరింత కనబడును. కావున ఇది కేవలము ఇద్దరు సైనికుల పాపము కాదు. వారిని పదమూడు గంటలు కూర్చుండబెట్టినవారిది, సందేహము చెప్పినవాని మాట చివరివరకు పోవు మార్గము నేర్పరచనివారిది, తప్పు జరిగిన పిమ్మట 'ఎవరును బాధ్యులు కారు' అని దస్త్రము కట్టివేసినవారిది. సిబ్బందిని హంతకులనుట తేలిక. ఆ మాటతో పైవారందరు తప్పించుకొందురు.

చాటునుండి కొట్టుట ధర్మమా యను ప్రశ్న మనకు కొత్తది కాదు. చెట్టుచాటునుండి వాలిని రాముడు కొట్టినది మొదలు మన యరుగులమీద, మన పురాణకాలక్షేపములలో, ఈ వివాదము నడచుచునే యున్నది. అది ధర్మమనువారున్నారు, కాదనువారున్నారు. కాని ఉభయ పక్షములవారు మరచిపోవు సంగతి యొకటి కలదు. బాణము వేసిన పిదప రాముడు చెట్టుచాటుననే నిలిచిపోలేదు. పడియున్న వాలి యెదుటికి వచ్చెను. వాలి యడిగినదంతయు వినెను. సమాధానము చెప్పెను. ఆ సమాధానము మనకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. దానిని చెప్పవలసిన బాధ్యత తనకు లేదని మాత్రము రాముడనలేదు. చాటునుండి కొట్టు శక్తిని సంపాదించిన రాజ్యమునకు, ఎదుటికి వచ్చి సమాధానము చెప్పు బాధ్యత రెండింతలగును. కాబూలు విషయమున అమెరికా చాలినంత చేయనిది ఇదియే. మనము నేర్చుకొనవలసినదియు ఇదియే.

'ఇదంతయు పరదేశపు గొడవ, మనకేల?' యని కొందరందురు. మనకేలనో చెప్పుదుము. ఈ విద్య మనదేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. ఇస్రాయేలునుండి కొనిన విమానములతో మన నౌకాసేన 2006లో కొచ్చిలోను, 2011లో పోరుబందరులోను, 2012లో రామేశ్వరము దారిలోని ఉచ్చిపులిలోను దళముల నేర్పరచినది. 2020లో రెండు అమెరికా విమానములను అద్దెకు తెచ్చి మన చిత్తూరు సీమ ప్రక్కనేయున్న అరక్కోణమున నిలిపిరి. అందొకటి 2024 సెప్టెంబరులో చెన్నపట్టణము దాపున బంగాళాఖాతమున కూలినది. 2024 జనవరిలో దృష్టి-10 అను విమానము మన హైదరాబాదు కర్మాగారమునుండి నౌకాసేన చేతికి వెడలినది. 2025 మే నెలలో పాకిస్థానుతో జరిగిన పోరాటమున ఉభయపక్షముల డ్రోనులు ఆకాశమును నింపినవి. యంత్రము మన నగరములోనే తయారగుచున్నది. దానిని నడపవలసినవారు మన యిండ్లనుండియే పోవుదురు. శ్రీకాకుళమునుండియో, కరీంనగరునుండియో, కడపనుండియో పోయిన కుర్రవాడు ఆ గదిలో కూర్చుండును. వాని తల్లి ఇరుగుపొరుగువారితో 'మావాడు యుద్ధములోనికి పోడమ్మా, గదిలోనే పని' అని తృప్తిగా చెప్పుకొనును. ఆమె తృప్తిని మేము చెడగొట్టదలచలేదు. ఆమె బిడ్డను ఆ గదికి పంపువారిని మాత్రము ప్రశ్నింపక మానము.

మనకు వేరొక యపాయము కలదు. అది అమెరికావానికన్న మనకే హెచ్చు. ఆ గదిలో చోదకుడు అధికారి, కెమేరావాడు క్రిందివాడని ముందే చెప్పితిమి. చిత్రమును మొదట గుర్తించునది క్రిందివాని కన్ను. 'అయ్యా, అది తుపాకి కాదు, చేతికర్రవలెనున్నది' అని వాడు చెప్పగలిగినప్పుడే ప్రాణములు నిలుచును. మన బడిలో, మన కచేరీలో, మన యింటిలో పెద్దవాని మాటకు ఎదురుచెప్పినవానికి కలుగు మర్యాద యేదో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. వినయము గొప్ప గుణమే. కాని క్షిపణి విడుచు వేళ నోరుమూసికొన్న వినయము హత్యకు తోడుపడును. క్రిందివాడు 'ఆగుడు' అనినచో పైవాడు ఆగి తీరవలెనని శాసించి, ఆ మాటను శిక్షణలోనే వందలమారులు వల్లెవేయించనిచో, ఉరుజ్గాను మనకును తప్పదు.

'మన సైనికుల ప్రాణములు దక్కుచున్నవి గదా, ఇన్ని షరతులేల?' యనువారికి చివర మాట. ప్రాణములు దక్కుట మేలు. అందుకే ఈ యంత్రములను మేము నిరాకరించుట లేదు. కాని తనవారి శవములు ఊరికి రానప్పుడు యుద్ధము ఎంతకాలము సాగినను జనులకు పట్టదు. జనులకు పట్టని యుద్ధమును ఆపుటకు పాలకులకు తొందరయుండదు. అమెరికా యుద్ధము ఆఫ్ఘనిస్థానులో ఇరువది సంవత్సరములు సాగినది. మనుష్యుడు లేడను భ్రమ దానికంతటికి కారణమని మేమనము. అది జనులను నిద్రపుచ్చినదని మాత్రము తప్పక యందుము.

కావున మేము కోరునది మన ప్రభుత్వమునకు శక్తికి మించినది కాదు. ఎన్ని విమానములు కొనుచున్నారో చెప్పినట్లే, వానికెందరు సిబ్బంది మంజూరైరో పార్లమెంటునకు చెప్పవలెను. అమెరికా లెక్కనే తీసికొన్నచో 31 విమానములు ఏడు గస్తీలకు మించవు. ఆ యేడింటికి 70 మంది చోదకులు, వారికి తగినంతమంది కెమేరా సైనికులు కావలెను. వారిని తయారుచేయు శిక్షకులను గస్తీలకు లాగరాదు. గదిలో కూర్చుండు గంటలకు హద్దు పెట్టి, ఆ హద్దును సేనాధిపతి ఇష్టమునకు గాక నిబంధనకు కట్టవలెను. రహస్యము చెడకుండ తన మనస్సు విప్పి చెప్పుకొనుటకు ప్రతి దళమున వైద్యుడుండవలెను; ఆయన యొద్దకు పోయినందుచే వాని పదోన్నతి చెడరాదు. నిరపరాధులు చచ్చిరన్న ఆరోపణ వచ్చినప్పుడు, ఆజ్ఞ యిచ్చినవాని మొదలు మీట నొక్కినవాని వరకు విచారించి, ఫలితమును ప్రకటింపవలెను. వానికి తగిన గౌరవచిహ్నము నొకదానిని, రణరంగమున నిలిచినవాని గౌరవమునకు తక్కువ కలుగని రీతిని, ఇప్పుడే నిర్ణయింపవలెను. అపహాస్యము పుట్టిన పిదప గాదు.

విమానములు ఒకటొకటిగా వచ్చుచుండును. వచ్చిన ప్రతిదాని రెక్క పొడవును పత్రికలు మరల వ్రాయును. ఆనాడు పఠనమందిరములలో కూర్చున్నవారు ఆ వార్తను చదివి, ప్రక్కవానినొక్క ప్రశ్న యడుగవలెనని మా మనవి: 'అందు కూర్చుండువారెవరు?' ఆ ప్రశ్నను ప్రజలడిగినచో ప్రభుత్వము వినును. ప్రజలడుగనిచో యంత్రము నడచుచునే యుండును. దాని వెనుకనున్న మన బిడ్డ నలిగిపోవును, దాని క్రిందనున్న పరుల బిడ్డ కాలిపోవును. ఆ యిద్దరును మనుష్యులే.